చుక్క పెట్టి వదిలేసిన 24 ప్రశ్నలు

గ్రూప్-2 మొదటి ప్రిలిమ్స్ నాకు 4 మార్కుల్లో పోయింది. ఫలితాలొచ్చిన రోజు రాత్రి ఒంగోలు లాయరుపేటలోని మా రూమ్‌లో కూర్చుని, క్వశ్చన్ పేపరూ కీ పక్కపక్కన పెట్టుకున్నాను. నాకో అలవాటుంది. తేలని ప్రశ్నలో రెండు ఆప్షన్లు కొట్టేశాక, మిగిలిన రెండింట్లో మనసు దేనివైపు మొగ్గితే దాని పక్కన పెన్నుతో చిన్న చుక్క పెడతాను. పరీక్ష రోజు ఓఎంఆర్ షీట్‌లో బబుల్ చేయకుండా వదిలేసినవి 38. వాటిలో 24 ప్రశ్నలకు చుక్క ఉంది. కీతో సరిచూస్తే 15 చుక్కలు సరైన జవాబు మీదే ఉన్నాయి, 9 తప్పు. తప్పుకు మూడో వంతు చొప్పున 3 మార్కులు తీసేసినా నికరంగా 12 వచ్చేవి.

కీ చూశాక 'ఇది నాకు ముందే తెలుసు' అనిపించడం అందరికీ ఉంటుంది. దాన్ని హైండ్‌సైట్ బయాస్ అంటారు. కానీ ఆ చుక్కలు పరీక్ష హాల్లో పెట్టినవి, కీ రాకముందువి. అందుకే ఆ రాత్రి నాకు సర్దిచెప్పుకోవడానికి ఏమీ దొరకలేదు.

జవాబు ఎందుకు వదిలేశానో నా ఎకానమీ నోట్స్‌లోనే ఉంది. డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ 1979లో ప్రాస్పెక్ట్ థియరీని ప్రతిపాదించారు. అందులో ముఖ్యమైన మాట: వంద రూపాయలు దొరికితే కలిగే సంతోషం కన్నా వంద పోతే కలిగే బాధ ఎక్కువ. దీన్నే లాస్ అవర్షన్ అంటారు. 1992లో వాళ్లే వేసిన అంచనాలో నష్టం బరువు లాభానికి సుమారు 2.25 రెట్లు. ట్వెర్‌స్కీ 1996లో చనిపోయారు, కానెమన్‌కు 2002లో నోబెల్ వచ్చింది. ఇదంతా నాకు కంఠతా వచ్చు. లాస్ అవర్షన్ మీద బిట్ వస్తే కళ్లు మూసుకుని పెడతాను. అదే లాస్ అవర్షన్ నా చెయ్యి పట్టుకుని ఆపుతుంటే మాత్రం గుర్తుపట్టలేదు.

లెక్క చూడండి. నాలుగు ఆప్షన్లు, తప్పుకు మూడో వంతు కోత. ఏమీ తెలియకుండా గుడ్డిగా పెడితే సగటున వచ్చేదీ పోయేదీ సమానం, సున్నా. ఒక ఆప్షన్ కచ్చితంగా కాదని తెలిస్తే ప్రశ్నకు సగటున తొమ్మిదో వంతు మార్కు లాభం. రెండు కొట్టేయగలిగితే మూడో వంతు మార్కు లాభం. అంటే ఊరికే బొమ్మా బొరుసూ వేసి పెట్టినా ఆ 24 ప్రశ్నలకు సగటున 8 మార్కులు రావాలి. మనం కొట్టేసిన రెండూ నిజంగా తప్పువే అయితేనే ఈ లెక్క. ఆ నమ్మకం లేని ప్రశ్నను వదిలేయడమే మంచిది.

ఈ లెక్క నాకు పరీక్షకు ముందూ తెలుసు. మరి ఎందుకు ఆగిపోయానన్నది మా నాయనను చూశాకే అర్థమైంది. మాది కొండపి దగ్గర పల్లెటూరు, పొగాకు రైతులం. ఆ ఏడాది వేలం కేంద్రానికి నాయనతో నేనూ వెళ్లాను. మా బేలు (పొగాకు కట్ట) దగ్గరకు కొనేవాళ్లు వచ్చారు, ధర పలికింది. నాయన ఆకు ఒకటి తీసి వేళ్ల మధ్య నలిపి, మళ్లీ బేలులోకి దోపి, తల అడ్డంగా ఊపాడు. "పోయినేడు ఇదే ఆకు ఎంతకు పోయింది? ఇప్పుడు ఇంత తక్కువకు ఎట్టా ఇస్తాంరా?" అన్నాడు. బేలు వెనక్కి తెచ్చుకున్నాం. తొమ్మిది రోజుల తర్వాత కిలోకు 6 రూపాయలు తక్కువకు ఇచ్చాం. ధర పెరుగుతుందని ఆగడంలో తప్పులేదు, చాలాసార్లు పెరుగుతుంది కూడా. కానీ నాయన ఆ రోజు మార్కెట్ ఎటు పోతోందో చూడలేదు, కూలీ ఖర్చూ, ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్ ఖర్చూ చూడలేదు. పోయినేటి ధర దగ్గర నిలబడి, అక్కడినుంచి కిందికి ఎంత దిగుతున్నామో చూశాడు. పుస్తకంలో రిఫరెన్స్ పాయింట్ అని రాసేది దాన్నే.

నా రిఫరెన్స్ పాయింట్ ఎక్కడ పడిందో అప్పుడు తట్టింది. చివరి ఇరవై నిమిషాల్లో నేను బబుల్ చేసినవి లెక్కపెట్టాను. 'ఇన్ని గ్యారంటీ' అనుకున్నాను. ఆ క్షణం నుంచి ఆ అంకె నా సొంత ఆస్తి అయిపోయింది. తర్వాత చేయబోయే ప్రతి బబులూ దానికి గండి కొట్టేదిగానే కనబడింది. లెక్కపెట్టకుండా ఉంటే అంత భయం వచ్చేది కాదు.

అందుకే రెండోసారి నిర్ణయాలు హాల్లో తీసుకోవడం మానేశాను. ముందురోజు రాత్రే రెండు మాటలు రాసుకున్నాను: మధ్యలో లెక్కపెట్టకూడదు, రెండు ఆప్షన్లు పోతే అక్కడికక్కడే బబుల్ చేయాలి. వినడానికి తేలికే. హాల్లో చేతులు చల్లబడతాయి, పెన్ను కదలదు. దానికోసం ముందు 22 మాక్ టెస్టులు ఇదే పద్ధతిలో రాశాను. మొదటి ఆరింట్లో మార్కులు పెద్దగా పెరగలేదు. కారణం, నేను 'కచ్చితంగా కాదు' అని కొట్టేసినవాటిలోనే సరైన జవాబులుండేవి, ముఖ్యంగా సైన్స్ అండ్ టెక్నాలజీలో. ఆ సబ్జెక్టుకు రివిజన్ పెంచాక తేడా కనిపించింది. రెండోసారి ప్రిలిమ్స్ దాటాను.

ఫీజుల విషయంలోనూ ఒక మాట. ఒక కోచింగ్‌కు 28 వేలు కట్టాను. నాలుగు వారాల్లోనే అక్కడ నోట్స్ డిక్టేట్ చేయడం తప్ప ఏమీ లేదని తెలిసిపోయింది. అయినా 'నాయన పొగాకు డబ్బు' అని ఇంకో నాలుగు నెలలు వెళ్లాను. ఆ 28 వేలు వెళ్లినా రావు, మానేసినా రావు. సంక్ కాస్ట్ అంటే అదే. ఆ నాలుగు నెలల ఉదయాలు మాత్రం నా చేతిలో ఉండేవి. ఇప్పుడు మీలో ఎవరైనా అలాంటి క్లాసులో కూర్చుని ఉంటే, దయచేసి ఈ వారమే నిర్ణయం తీసుకోండి.

టైమ్‌టేబుల్ గురించి కూడా చెప్పాలి. థీసిస్ రాస్తున్న విద్యార్థులను 'ఎన్ని రోజుల్లో పూర్తి చేస్తారు' అని అడిగిన అధ్యయనం ఒకటి 1994లో వచ్చింది. వాళ్ల అంచనా సగటున 33.9 రోజులు, పట్టింది 55.5 రోజులు. పాలిటీకి నేను వేసుకున్నది 20 రోజులు, పట్టింది 43. ఇప్పుడు 'ఎన్ని రోజులు పట్టాలి' అని ఊహించుకోను. పాత డైరీ తీసి పోయినసారి ఎన్ని పట్టాయో చూసి ఆ అంకే వేస్తాను.

సిలబస్ కోణంలో అయితే 2018-19 ఆర్థిక సర్వే మొదటి సంపుటి రెండో అధ్యాయం వదలొద్దు. మనిషి ఎప్పుడూ లెక్క ప్రకారమే నడుస్తాడన్న 'హోమో ఎకనామికస్' ఊహను పక్కనపెట్టి, స్వచ్ఛ భారత్, బేటీ బచావో బేటీ పఢావో పథకాలను నడ్జ్ (బలవంతం లేకుండా మంచి ఎంపికవైపు మెల్లగా నెట్టడం) కోణంలో వివరిస్తుంది. నీతి ఆయోగ్‌లో బిహేవియరల్ ఎకనామిక్స్ యూనిట్ పెట్టాలని సూచించింది కూడా అందులోనే. హెర్బర్ట్ సైమన్ (బౌండెడ్ రేషనాలిటీ, అంటే మనిషి లెక్కించే శక్తికి హద్దులుంటాయన్న భావన; నోబెల్ 1978), రిచర్డ్ థేలర్ (నడ్జ్, నోబెల్ 2017) పేర్లు కలిపి చదువుకుంటే జతపరచండి ప్రశ్నలకు సరిపోతుంది.

మీ పాత మాక్ టెస్ట్ ఒకటి తీయండి. రెండు ఆప్షన్లు కొట్టేసి కూడా వదిలేసిన ప్రశ్నలు ఎన్నో లెక్కపెట్టి, దాన్ని మూడుతో భాగించండి. ఆ అంకె ఎంత వచ్చిందో నాకూ చెప్పండి.