మేడారంలో న్యూట్రల్ తెగిన రాత్రి

సమ్మక్క సారలమ్మ తల్లులు వనానికి వెళ్లారు, జాతర తర్వాతి బుధవారం చేసే తిరుగువారం ఇంకా రాలేదు. ఈ నడుమనే రాసేయాలని కూర్చున్నాను. మా మొక్కు తీరింది. వరంగల్ ఆర్ఈసీలో ఎలక్ట్రికల్ చదివి, తర్వాత తలో దిక్కుకు పోయిన మిత్రులం మేం. ఒకడు సింగరేణి బొగ్గు గనుల్లో, ఒకడు రాష్ట్రమంతటి కరెంటు సరఫరాను సర్దే లోడ్ డిస్పాచ్‌లో చేసి దిగారు, ఇంకొకడు సోలార్ పనులు చేయిస్తున్నాడు. మాలో ఒకడికి గుండె ఆపరేషన్ అయినప్పుడు "వీడు లేచి తిరిగితే అందరం కలిసొచ్చి నిలువెత్తు బంగారం ఇస్తం తల్లీ" అని మొక్కుకున్నాం. ఇక్కడ బంగారమంటే మనిషి తూకానికి సరిపడా బెల్లం. లేచాడు. గద్దెల దాకా ఎవరి భుజం పట్టకుండా నడిచాడు. అంతకన్నా ఏం కావాలి!

వాడి తూకం 62 కిలోలు. ఈ జాతరకు బెల్లం కొనేటప్పుడు ఆధార్ కాపీ ఇవ్వాలంటే కొందరు విసుక్కున్నారు గానీ, గుడుంబా (నాటుసారా) బట్టీలకు మళ్లకుండా ఆ కాగితం ఉండాల్సిందే. మొక్కు బెల్లం మోసుకెళ్లేవాళ్లు పెద్ద దిమ్మలు పెట్టుకోవద్దు. ఐదేసి కిలోలుగా కొట్టించి నూలు బట్టలో మూటలు కట్టండి. ప్లాస్టిక్ సంచిలో అయితే చెమర్చి కారుతుంది, గద్దెల దగ్గర ముడి విప్పే జాగా కూడా దొరకదు. మూటైతే చేతి మీదుగా చేతికి అందించుకోవచ్చు.

వంద గ్రాముల బెల్లంలో సుమారు 380 కేలరీల శక్తి. 62 కిలోలంటే రెండు లక్షల ముప్పై అయిదు వేల పైచిలుకు. రోజుకు 2000 కేలరీలు తినే మనిషికి దాదాపు నాలుగు నెలల తిండి. ఒక ప్రాణం నిలిచినందుకు నాలుగు నెలల తిండిని పదిమందిలోకి వదిలేయడమన్నమాట. దారిలో ఈ లెక్క కట్టింది సింగరేణి మిత్రుడు. కట్టి, కాసేపు ఏం మాట్లాడలేదు.

గట్టమ్మకు దండం పెట్టుకుని, పస్రా మీదుగా నార్లాపూర్ దాకా బండి. అక్కడి నుంచి నడక. ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం వచ్చాక జరిగిన మొదటి జాతర ఇది, 2024ది; అందుకేనేమో ఎక్కడ చూసినా ఆడవాళ్లే, ముసలమ్మల నుంచి చంటిపిల్లల తల్లుల దాకా. చూడ్డానికి కళ్లు చాలలేదు. కానీ అంతమందికి సరిపడా మరుగుదొడ్లేవి? ఉన్నవాటిలో నీళ్లేవి? జంపన్నవాగులో మునిగినప్పుడు చెప్పలేనంత తృప్తి, ఒడ్డెక్కగానే కాలి కింద షాంపూ ప్యాకెట్లు, విరిగిన సీసాలు. అమ్మవారిచ్చిన వాగును ఇట్లా చేయడానికి మనసెట్లా ఒప్పుతుందో.

గురువారం సాయంత్రానికే గద్దెల వైపు కదలడం మా పేషెంటుకు మంచిది కాదని వాగు అవతలి చేలో, గుడారాల దగ్గరే ఉండిపోయాం. చీకటి పడ్డాక సమ్మక్క కొలువుండే చిలకలగుట్ట వైపు నుంచి, అమ్మ రాకకు పోలీసులు గాల్లోకి పేల్చే తుపాకీ చప్పుడు వినిపించింది. సమ్మక్క బయలుదేరింది. ఆ చేలో వండుకుంటున్నవాళ్లు, పడుకున్నవాళ్లు అందరూ లేచి నిలబడ్డారు. మా పక్క గుడారంలో పరకాల దిక్కు నుంచి వచ్చిన ముసలమ్మ నేల మీద సాగిలపడి "వచ్చినవా తల్లీ, వచ్చినవా" అంటూ ఏడ్చేసింది. మేమూ ఏడ్చాం.

నడిరాత్రి ముందర మా గుడారంలో బల్బు ఒక్కసారిగా తెల్లగా మండింది. అదే క్షణంలో రోడ్డు వైపు వరసలో బల్బులన్నీ ఎర్రగా మసకబారాయి. "న్యూట్రల్ పోయిందిరా" అని అందరం ఒక్కసారే అరిచాం.

ఒక చోట వెలుగు పెరిగి, పక్కనే తగ్గిందంటే అది న్యూట్రల్ పనే. ఆలోచించకుండా మెయిన్ దించేయాలి, చార్జర్లు పీకేయాలి. ఎందుకంటే, ట్రాన్స్‌ఫార్మర్ నుంచి కరెంటు తెచ్చే మూడు ఫేజు తీగలు, మూడింటికీ ఉమ్మడిగా కరెంటు తిరిగి వెళ్లే ఒక న్యూట్రల్ తీగ వస్తాయి. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 230 వోల్టులు, రెండు ఫేజుల మధ్య 400. న్యూట్రల్ గట్టిగా ఉన్నంతసేపు పక్క ఫేజు మీద ఎంత లోడు పడ్డా ఎవరి 230 వాళ్లకు అందుతుంది. అది తెగితే రెండు ఫేజుల మీదున్న గుడారాలు ఆ 400 వోల్టుల మధ్య సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటిగా పడతాయి. ఒక వైపు 1000 వాట్లు, ఇంకో వైపు 3000 వాట్లు నడుస్తున్నాయనుకోండి. తక్కువ లోడున్న వైపు 300 వోల్టులు పడతాయి, ఎక్కువున్న వైపు 100. అంటే నీళ్ల హీటరూ మిక్సీ సౌండు బాక్సులూ పెట్టినవాడికి లైటు మసకబారుతుంది, అంతే. ఒక్క బల్బు, ఒక్క ఫోను పెట్టుకున్నవాళ్ల సామాను కాలిపోతుంది. ముసలమ్మ మనవరాలి ఫోను అట్లాగే పోయింది. ఆ పిల్ల చేసిన తప్పేంటి? ఆ రాత్రి నన్ను కలచివేసింది ఇదే.

అరగంటలో ఒక లైన్‌మన్ కుర్రాడు వచ్చాడు. ఎప్పుడు నిద్రపోయాడో, కళ్లు ఎర్రగా ఉన్నాయి. సబ్‌స్టేషన్‌తో మాట్లాడి ఎల్‌సీ (లైన్ మీద పని చేసేందుకు అనుమతి) తీసుకున్నాడు, ట్రాన్స్‌ఫార్మర్‌కు సప్లై ఆపే ఏబీ స్విచ్ దించాడు, డిశ్చార్జి రాడ్డుతో తీగలు ఎర్త్ చేశాకే ట్రాన్స్‌ఫార్మర్ మీద చేయి వేశాడు. అంత ఒత్తిడిలో, చుట్టూ జనం "తొందరగా కానీయ్" అని కేకలేస్తుంటే ఒక్క మెట్టు కూడా దాటవేయలేదు. టార్చి మేం పట్టాం. ట్రాన్స్‌ఫార్మర్ మీద న్యూట్రల్ తీగ బిగించే బుషింగ్ దగ్గర అల్యూమినియం తీగను ఇత్తడి బోల్టుకు నేరుగా చుట్టి ఉంది. అల్యూమినియం మీద గాలికే సన్నని ఆక్సైడు పొర కడుతుంది, దానిలో కరెంటు పారదు. ఇత్తడితో తగిలిన చోట తేమ చేరితే అల్యూమినియాన్ని తినేస్తుంది. జాయింటు వదులై వేడెక్కుతుంది, వేడికి మరింత వదులవుతుంది, చివరికి కాలి తెగుతుంది. సరిగ్గా అట్లాగే నల్లబడి ఉంది.

కాలిన మేర తీగ కోసేశాడు. ఎమరీ కాగితంతో తెల్లగా మెరిసేదాకా రుద్దాడు. రెండు లోహాలనూ కలిపే బైమెటల్ లగ్గును తీగకు నొక్కి బిగించి, స్ప్రింగ్ వాషర్ వేసి బిగించాడు. ఎర్తు గుంతల్లో బిందెలతో నీళ్లు పోయమన్నాడు, బొగ్గూ ఉప్పూ తడిగా ఉంటేనే ఎర్త్ పని చేస్తుంది కాబట్టి. ఆ నీళ్లు తెచ్చింది చుట్టుపక్కల గుడారాల ఆడవాళ్లు. సప్లై ఇచ్చాక, తీగ చుట్టూ పట్టి కరెంటు కొలిచే టంగ్ టెస్టర్ పెట్టి చూపించాడు: ఆర్ ఫేజులో 140 ఆంపియర్లు, వైలో 60, బీలో 45. న్యూట్రల్‌లో దగ్గర దగ్గర 90. 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కో ఫేజుకు మోయగలిగేది 133 ఆంపియర్లు. రోడ్డు పక్కన అందే తీగ ఆర్ ఫేజు, మీటరు లేకుండా తీగకు తగిలించే కొండీలన్నీ దాని మీదే.

"మళ్ల తెగుతది సార్ గిట్ల ఉంటే," అన్నాడు. మళ్లీ సప్లై తీసి, ఆర్ మీద నుంచి గుడారాలకు పోయే సర్వీసు జంపర్లు (కలిపే తీగలు) కొన్ని వైకి, కొన్ని బీకి మార్చాడు. ఈసారి 85, 82, 78. న్యూట్రల్‌లో ఆరుకు మించలేదు. మొత్తం లోడు అంతే, 245. ఒక్క బల్బు తీయలేదు. మోసే భారాన్ని మూడు తీగలూ పంచుకున్నాయి, న్యూట్రల్ మీద బరువు పోయింది.

డబ్బులిస్తే తీసుకోలేదు. "అమ్మ జాతరల పైసలెందుకు సార్. మీరంత సదువుకున్నోళ్లు, గా కొండీల ముచ్చట జెర మీరు చెప్పుండ్రి. మేం చెప్తే తీస్తరు, గిట్ల పోంగనే మళ్ల ఏస్తరు." మాతో కూర్చుని రెండు ముద్దలు తిన్నాడు, ఇంకో చోట నుంచి ఫోనొస్తే లేచి వెళ్లిపోయాడు. ఏ దేవుడు ఏ రూపంలో వస్తాడో అంటారు, నేను నమ్ముతాను.

కొండీల సంగతి చెప్పడానికి తెల్లవారుజామునే బయలుదేరాం. వాగు ఒడ్డున ఒక గుడారం చూసి గుండె ఆగినంత పనైంది. ఫేజు మీద కొండీ, న్యూట్రల్ బదులు తడి ఇసుకలో దిగేసిన ఇనుప చువ్వ. అట్లాంటి చువ్వకు 50 ఓమ్‌ల ఎర్త్ రెసిస్టెన్సు ఉందనుకుంటే, 1000 వాట్ల హీటరు పెట్టినప్పుడు చువ్వ మీదే 110 వోల్టులు నిలుస్తాయి. దాని చుట్టూ నేలలోనూ వోల్టేజీ పరుచుకుని ఉంటుంది. స్నానం చేసిన పిల్లలు తడి కాళ్లతో పరుగెడుతున్నారు అక్కడే. "మీ పిల్లలే గదనే" అని మావాడు అనగానే ఆ ఇంటాయన మారు మాట్లాడకుండా పీకేశాడు. కోపం చేసినవాళ్లూ ఉన్నారు. "ఊరంత ఏసుకున్నరు, మేమే కనవడ్డమా?"

ఆ మాట మీదే, ఎవరి కరెంటు వాళ్లదా, పదిమందికీ ఒకే తీగా అన్న మా పాత వాదం మళ్లీ మొదలైంది. హాస్టల్ వరండాలో వదిలేసిన చోటి నుంచే అందుకున్నాం. సోలార్ వాడు అన్నాడు: గుడారానికి 20 వాట్ల ప్యానెల్, 12 వోల్టుల 12 ఆంపియర్ అవర్ బ్యాటరీ, 5 వాట్ల ఎల్ఈడీలు రెండు. రాత్రంతా వెలుగుతాయి, ఏ తీగా అక్కర్లేదు. లెక్క సరైనదే, రోజుకు 100 వాట్ అవర్లు వస్తే 80 ఖర్చు. సింగరేణి మిత్రుడు ఒప్పుకోలేదు. "ఎవని ఎలుగు వాడు తెచ్చుకుంటే, తెచ్చుకోలేనోడు చీకట్ల ఉండాల్నారా?" యూనిట్‌కు సుమారు 700 గ్రాముల బొగ్గు కాలుతుందని, ఆ బొగ్గు కింద ఎవరి ఊళ్లు పోయాయో మా అందరికన్నా వాడికే బాగా తెలుసు. అయినా పదిమందికీ ఒక్క తీగ ఉండాలనే వాడి పట్టు. నేను వాడి వైపే. కరువులో శిస్తు కట్టలేమన్నందుకు కాకతీయుల దండు కదిలొచ్చిన నేల ఇది. పేదవాడి గుడారంలో దీపానికి మీటరు అడగడం నాకు నచ్చదు. కానీ హీటరుకు కొండీ వేసేవాడు పేదరికం పేరు చెప్పుకోవడం అంతకన్నా నచ్చదు.

శుక్రవారం దర్శనం. క్యూలో నాలుగు వైపుల నుంచీ తోపులాట, మధ్యలో పాసులవాళ్లకు దారి వదలమని మైకులో కేకలు. దూరం నుంచి కొబ్బరికాయలు, బెల్లం ముక్కలు విసిరేవాళ్లను ఏమనాలి? మొక్కు అమ్మకు చేరదు, ముందున్నవాడి తలకు తగులుతుంది. పక్కనే ఒకామెకు నుదుటి మీద చిట్లింది. అడుగు కింద బెల్లం కరిగి జిగట, కాలు లేవదు. మా పేషెంటును మధ్యలో పెట్టుకుని మేం చుట్టూ చేతులు పట్టుకున్నాం. జనం ఒక్క తోపు తోశారు, ఎదురుగా గద్దె. పసుపు కుంకుమల్లో తడిసిన వెదురు, దాని మొదట్లో బెల్లం గుట్ట, ఒక కోయ పూజారి చేయి. అంతే చూశాను. మూటలు ఎవరెవరి చేతుల్లోంచో ముందుకు పోయాయి. వాడు రెండు చేతులూ పైకెత్తి "అమ్మా" అన్నాడు. ఆ గొంతు ఐసీయూలో విన్న గొంతు కాదు.

తిరుగు దారి బయ్యక్కపేట, భూపాలపల్లి మీదుగా వదిలారు. చెల్పూరు దగ్గర కాకతీయ థర్మల్ పొగగొట్టాలు కనిపించాయి, 500 మెగావాట్లది ఒకటి, 600ది ఒకటి. అక్కడ టీకి ఆగినప్పుడే మా లోడ్ డిస్పాచ్ మిత్రుడు, అప్పటిదాకా పెద్దగా నోరు విప్పనివాడు, కొత్త మొక్కు ప్రతిపాదించాడు. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది, మంచిదే. కానీ వాడి ఊళ్లో ట్రాన్స్‌ఫార్మర్లు కాలడం ఆగలేదు. 5 హెచ్‌పీ మోటారు, అదనంగా లాగే కరెంటును తగ్గించే కెపాసిటర్ లేకుంటే, ట్రాన్స్‌ఫార్మర్ మీద 6 కేవీఏ దాకా భారం వేస్తుంది. 2 కేవీఏఆర్ సామర్థ్యమున్న కెపాసిటర్ బిగిస్తే అది 5కు తగ్గుతుంది. ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద 16 మోటార్లుంటే 96 కేవీఏ కాస్తా 80కి వస్తుంది. కెపాసిటర్ లేకున్నా తన మోటారు తిరుగుతుంది కాబట్టి ఎవరూ పెట్టరు. దానికి తోడు, మోటారును తనంతట తానే లేపే ఆటోస్టార్టర్లు. పోయిన కరెంటు రాగానే మోటార్లన్నీ ఒక్కసారే లేచి, మామూలుకు ఐదారింతలు లాగుతాయి. ఆటోస్టార్టర్లు తీసేయమని రైతులను కూర్చోబెట్టి చెప్పాలి, వినకపోతే ఒక్కో మోటారుకు వేర్వేరు ఆలస్యంతో టైమరైనా పెట్టాలి.

వచ్చే జాతరలోపు వాడి ఊళ్లో ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింది మోటార్లన్నిటికీ కెపాసిటర్లు మా ఖర్చుతో పెట్టిస్తాం. బిగించే పనికి రైతు తన మోటారు దగ్గర తానుండాలి, అది షరతు. గుడారానికి తీసుకుపోయే బోర్డు కూడా తయారు చేస్తున్నాం: లోడు మించితే కట్ అయ్యే 6 ఆంపియర్ల ఎంసీబీ, మనిషికో నేలకో కరెంటు లీకైతే కట్ అయ్యే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, 270 వోల్టులు దాటితే కట్ అయ్యే రిలే. పక్క గుడారాలకూ దాంట్లోంచే ఇస్తాం. ముసలమ్మ మనవరాలికి ఫోను కొనిచ్చింది ఎవరో నేను రాయను, వాడు ఒప్పుకోడు.