అమ్మ మాత్ర, ఒంగోలు బస్సు

మా అమ్మ పొద్దున్నే 7 గంటలకు ఏదో ఒకటి తిని ఒక చిన్న తెల్ల మాత్ర వేసుకుంటుంది. లాసిక్స్, 40 మిల్లీగ్రాములు. మందు అసలు పేరు ఫ్యూరోసమైడ్. ఇంట్లో అందరం 'నీళ్ల మాత్ర' అనే అంటాం. చీటీ మీద డాక్టరు గారు మొదట రాసింది ఒక్క ముక్క: ఉదయం ఒకటి. ఆ ఒక్క ముక్క మాకు సరిగ్గా ఒంటబట్టడానికి ఏడాది పైనే పట్టింది. ఈలోగా అమ్మ ఒకసారి పడింది, ఒకసారి నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉంది. రెండూ జరగాల్సినవి కావు. మీ ఇంట్లో ఎవరికైనా ఈ మాత్ర రాసి ఉంటే పనికొస్తుందని రాస్తున్నాను.

అమ్మ ఉండేది కనిగిరి దగ్గర పల్లెలో. నేను ఒంగోలులో టీచర్ని. రెండేళ్ల కిందట సంక్రాంతికి ఊరికి వెళ్తే అమ్మ కాళ్లకు పట్టీలు లేవు. "బిగుసుకుపోతా ఉన్నాయి పాపా, తీసి బీరువాలో పెట్టా" అంది. మంచం మీద కూర్చోబెట్టి, చీలమండ పైన ఎముక మీద బొటనవేలితో గట్టిగా నొక్కి, పది లెక్కపెట్టి తీశాను. కలిపిన పిండి ముద్దలో వేలు దించినట్టు గుంట పడింది. చూస్తూ కూర్చున్నాను. అర నిమిషమైనా ఆ గుంట పూడలేదు. రాత్రిపూట పడుకుంటే ఆయాసం వస్తోందని రెండు దిండ్లు ఎత్తు పెట్టుకుంటోందని అప్పుడే తెలిసింది.

ఒంగోలు తీసుకొచ్చి గుండె డాక్టరుకు చూపించాం. ఎకో, అంటే గుండె స్కాన్, తీశారు. గుండె రక్తాన్ని తోసే బలం తగ్గింది, అందుకే ఒంట్లో నీరు నిలిచిపోతోంది అన్నారు. గుండెకు వేరే మందులు, వాటితోపాటు ఈ నీళ్ల మాత్ర. మొదటి వారంలోనే 3 కిలోలు తగ్గింది. పట్టీలు మళ్లీ కాళ్లకెక్కాయి. మేమంతా ఆ పట్టీలను చూసి మురిసిపోయాం.

ఈ మాత్ర చేసే పని ఏమిటంటే, కిడ్నీలు వడకట్టిన ఉప్పును మళ్లీ ఒంట్లోకి లాక్కోకుండా ఆపుతుంది. ఉప్పు మూత్రంలోకి పోతుంది, దాని వెంటే నీళ్లూ పోతాయి. మింగిన గంటలోపే మొదలవుతుంది, గంటా రెండు గంటలప్పుడు జోరు మీద ఉంటుంది, ఆరేడు గంటలకు సద్దుమణుగుతుంది. ఆరు గంటలు ఉంటుందనే అర్థంలో 'లాస్ట్స్ సిక్స్' అన్న మాటల నుంచే లాసిక్స్ అని పేరు పెట్టారంటారు. ఆ జోరు మీద ఉండే రెండు గంటలే మా కథ అంతటికీ మూలం.

మా ఊరి నుంచి కనిగిరికి ఆటో. అక్కడి నుంచి పొదిలి, చీమకుర్తి మీదుగా ఒంగోలుకు బస్సు. ఎంత లేదన్నా రెండున్నర గంటలు. చీమకుర్తి దగ్గర గ్రానైట్ లారీలు అడ్డం వస్తే ఇంకా ఎక్కువే. 7 గంటలకు మాత్ర వేసుకుని ఏడున్నరకు బస్సెక్కితే, పొదిలి దాటేసరికి కూర్చోలేదు మనిషి. ఒక్కసారి అలా వచ్చిందట. ఆ తర్వాత బస్సెక్కే రోజు మాత్ర వేసుకోవడమే మానేసింది. నాకు చెప్పలేదు. పెళ్లికి వెళ్లినా మానేసింది, చావుకు వెళ్లినా మానేసింది, కందిచేలోకి కూలీలతో పోయిన రోజూ మానేసింది. అక్కడెక్కడా ఆడవాళ్లకు మరుగు లేదు.

"బస్సు ఆపమని ఎవర్ని అడిగేది పాపా? మగోళ్లయితే దిగి చెట్టు చాటుకు పోతారు" అంది తర్వాత. నిజమే, నేను ఏం జవాబు చెప్పగలను? అమ్మది నిర్లక్ష్యం అనుకుని అప్పటికే రెండుసార్లు కసురుకున్నాను కూడా. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఇక్కడే అసలు చిక్కు వచ్చింది. ఒంగోలు చెకప్‌కు రావాలంటే బస్సెక్కాలి. బస్సెక్కిన రోజు మాత్ర లేదు. ఆ రోజే కాదు, ముందురోజు ప్రయాణం హడావిడి అని ముందురోజూ ఉండేది కాదు. అంటే డాక్టరు గారు చూసేది ఎప్పుడూ మాత్ర వేసుకోని అమ్మనే. కాళ్లు ఉబ్బి ఉన్నాయి, బరువు పెరిగి ఉంది. "మందు చాలడం లేదమ్మా" అని ఒకటిని రెండు చేశారు. ఆయన తప్పేం లేదు, ఎదురుగా ఉన్న కాళ్లు చూసి రాశారు. మాత్ర వేసుకుంటున్నావా అని అడిగితే అమ్మ "ఆఁ, వేసుకుంటున్నా" అంది. పక్కనే ఉన్న నేనూ తలూపాను. ఇంటికెళ్లాక మాత్రం బుద్ధిగా రెండేసి వేసుకుంది.

మొదటి దెబ్బ ఆ కార్తీక మాసంలో. పొదిలిలో పెళ్లి. పొద్దున మాత్రలు మానేసింది. రాత్రి 8 గంటలకు ఇల్లు చేరి, "పొద్దుటివి ఉండిపోయాయే" అని రెండూ ఒక్కసారే మింగింది. రాత్రి మూడుసార్లు లేచింది. నాలుగోసారి లేచినప్పుడు కళ్లు తిరిగి, పెరట్లో బాత్రూం మెట్టు దగ్గర పడింది. మణికట్టు వాచింది, ఎముక విరగలేదు. నీళ్లు ఎక్కువ పోయినప్పుడు గభాలున లేస్తే బీపీ ఒక్కసారిగా పడిపోతుందట. ఇప్పుడు మంచం అంచున ఒక నిమిషం కూర్చుని, గోడ పట్టుకుని లేస్తుంది. పెరట్లో బల్బు రాత్రంతా వెలుగుతూనే ఉంటుంది.

రెండో దెబ్బ పెద్దది, ఎండాకాలంలో. దీని వెనక మోకాళ్లున్నాయి. కనిగిరి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి మా ప్రాంతంలో తెలియనివాళ్లు లేరు. మా అమ్మ వయసు వాళ్లు సగం బతుకు ఆ నీళ్లే తాగారు. నడుములు, మోకాళ్లు పట్టేసి ఉంటాయి. ఊళ్లో వైద్యం చేసే ఆయన దగ్గరో, మందుల షాపులోనో నొప్పి మాత్ర తెచ్చుకుని వేసుకోవడం వాళ్లకు టీ తాగినంత మామూలు. అమ్మ కూడా డైక్లోఫెనాక్ వేసుకుంటోంది, రోజు విడిచి రోజు. నొప్పి మాత్ర కూడా మందే, గుండె డాక్టరుకు చెప్పాలి అని మాకెవరికీ తట్టలేదు.

డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, అసిక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు ఒంట్లో ఉప్పును, నీటిని పట్టి ఉంచుతాయి. ఒక చేత్తో నీళ్లు తోడుతుంటే ఇంకో చేత్తో పోసినట్టు. పైగా కిడ్నీలకు రక్తం సరిగ్గా అందనివ్వవు. బీపీకి, గుండెకు వాడే కొన్ని మందులు, నీళ్ల మాత్ర, నొప్పి మాత్ర, ఈ మూడూ కలిస్తే కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం మరీ ఎక్కువ. అమ్మకు మూడూ నడుస్తున్నాయి. దానికి తోడు మే నెల ఎండ, రెండు రోజులు విరోచనాలు. ఆ రెండు రోజులూ "డాక్టరు ఆపొద్దన్నాడు" అని రెండేసి నీళ్ల మాత్రలు వేసుకుంది.

మూడో రోజు పొద్దున ఫోన్ చేసి, "పిక్కలు పట్టేస్తా ఉన్నాయి, గుండె దడగా ఉంది, లేవలేకపోతున్నా" అంది. ఒంగోలు తెచ్చి రక్తపరీక్ష చేయిస్తే పొటాషియం 2.9. మామూలుగా మూడున్నర నుంచి ఐదు మధ్య ఉండాలి. క్రియాటినిన్ అంటే కిడ్నీల పనితీరు చెప్పే లెక్క, అవి దెబ్బతింటే పెరుగుతుంది. అంతకుముందు 0.9 ఉన్నది 2.1 అయింది. నీళ్ల మాత్ర ఉప్పుతోపాటు పొటాషియాన్నీ తీసుకుపోతుంది. పిక్కలు పట్టడం, నీరసం, దడ, అన్నీ దాని గుర్తులే. పొటాషియం మరీ పడిపోతే గుండె లయ తప్పుతుంది, ప్రాణం మీదకు వస్తుంది. నాలుగు రోజులు ఉంచుకుని సరిచేశారు. కిడ్నీలు మెల్లగా కోలుకున్నాయి. అదృష్టం.

ఆ నాలుగు రోజుల్లో ఒక సాయంత్రం అన్నీ చెప్పేశాం. బస్సు సంగతి, మానేసిన మాత్రలు, నొప్పి మాత్రలు, అన్నీ. అమ్మకు సిగ్గు. నేనే చెప్పాను. డాక్టరు గారు పెన్ను పక్కన పెట్టి విన్నారు. "ఇది ముందే చెబితే డోసు పెంచేవాణ్ని కాదు కదమ్మా. ప్రయాణం ఉన్న రోజు మాత్ర మానొద్దు, వేళ మార్చుకో. దిగి, ఇల్లు చేరాక వేసుకో. మధ్యాహ్నం 3 గంటల లోపు అయితే రాత్రి నిద్ర చెడదు. సాయంత్రందాకా మర్చిపోతే ఆ రోజుకు వదిలెయ్, మర్నాడు మామూలుగానే. ఎప్పుడూ రెండు రోజులవి కలిపి మింగొద్దు" అన్నారు. అంతే. వేళ మార్చుకోవచ్చన్న ఈ ఒక్క మాట మాకు ముందే తెలిసి ఉంటే! డోసు మళ్లీ ఒకటికి తెచ్చారు. ఒకటే సరిపోయింది. అమ్మకు కావాల్సింది మొదటినుంచీ ఒకటే.

ఇంకా ఆయన చెప్పినవి రాస్తాను. ఇవి మా అమ్మకు చెప్పినవి, మీ వాళ్లకు డోసూ లెక్కలూ వేరుగా ఉండొచ్చు, మీ డాక్టర్ని అడగండి. వాంతులు, విరోచనాలు పట్టుకుంటే, ఏమీ తినలేక తాగలేక ఉంటే ఆ రోజే ఫోన్ చేయాలి, మాత్ర ఆపాలో వద్దో ఆయన చెబుతారు. సొంతంగా వేసుకుంటూ పోకూడదు, సొంతంగా మానేయనూ కూడదు. డోసు మారినప్పుడల్లా ఒకటి రెండు వారాల్లో సోడియం, పొటాషియం, క్రియాటినిన్ పరీక్ష. ఎన్ని నీళ్లు తాగాలన్నది కూడా ఆయన్నే అడిగి రాసుకున్నాం. మోకాళ్లకు కాపడం, అవసరమైతే ఆయన చెప్పిన లెక్కలో పారాసెటమాల్.

అన్నిటికంటే పెద్ద పని బరువు చూసుకోవడం. నీరు చేరడం కళ్లకు కనబడేలోపే కాటాకు తెలుస్తుంది. ఒక లీటరు నీరంటే ఒక కిలో. పొద్దున్నే ఒంటికి పోయొచ్చి, ఏమీ తినకముందు, దాదాపు అంతే బరువుండే బట్టలతో ఎక్కాలి. మా ఇంట్లో నేల నాపరాళ్లు, కాటా ఊగి రోజుకో అంకె చూపించేది. చివరికి వంటింటి గడప దగ్గర ఒక రాయి సమంగా ఉందని కనిపెట్టి, కాటాను ఎప్పుడూ అక్కడే పెట్టేలా సున్నంతో నాలుగు మూలలా గుర్తు గీశాం. అమ్మ చదివింది ఐదో తరగతి. గోడకున్న తెలుగు క్యాలెండర్లో ఆ రోజు గడిలో, తిథి కింద పెన్సిల్‌తో రాస్తుంది: 57.8, 57.6, 58. ఏకాదశి కింద బరువు, దాని పక్కనే గ్యాస్ బండ వచ్చిన గుర్తు. రెండు మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే ఫోన్ చేయమన్నారు. గట్టిగా తగ్గుతూ పోయి నీరసం, కళ్లు తిరగడం ఉన్నా అంతే.

ఉప్పు దగ్గర నేనే ఒక తప్పు చేశాను. మాత్ర ఎంత తోడినా పైనుంచి ఉప్పు పడుతుంటే లాభం లేదు. రోజుకు 5 గ్రాములు, అంటే ఒక టీస్పూను దాటకూడదు ఎవరికైనా. మనకు గోంగూర నిల్వ పచ్చడి, ఊరమిరపకాయలు, అప్పడాలు, కొత్తపట్నం నుంచి వచ్చే ఎండుచేపలు, ఇవి లేకుండా ముద్ద దిగదు. అమ్మ ఊరమిరపకాయల జాడీ మా పెద్దమ్మ వాళ్లింటికి పంపేసిన రోజు అన్నం సరిగ్గా తినలేదు. అది చూడలేక సూపర్ మార్కెట్లో 'తక్కువ సోడియం' ఉప్పు ప్యాకెట్ కొనుక్కొచ్చాను. అప్పటికే పొటాషియం పడిపోకుండా అమ్మకు స్పైరోనోలాక్టోన్ అనే రెండో మాత్ర మొదలుపెట్టి ఉన్నారు. అది పొటాషియాన్ని ఒంట్లోనే నిలుపుతుంది. నేను తెచ్చిన ఉప్పులో సోడియం తగ్గించి కలిపింది పొటాషియమే. ఈ రెండూ కలిస్తే ఈసారి పొటాషియం అటు ఎక్కువై అదీ గుండెకు ప్రమాదమే. పరీక్ష రిపోర్టు చూపించడానికి వెళ్లినప్పుడు మాటల్లో చెప్పాను కాబట్టి సరిపోయింది. కొబ్బరినీళ్లు కూడా ఆయన్ను అడక్కుండా రోజూ తాగించొద్దన్నారు. ఇప్పుడు అమ్మ కూరల్లో నిమ్మకాయ, వాము, వెల్లుల్లి కారం ఉప్పులేకుండా దంచి వేస్తున్నాం. మెల్లగా అలవాటు పడింది.

మందుల షాపులో స్ట్రిప్ కత్తిరించి ఇస్తారు కదా, మందు పేరు, గడువు తేదీ ఉన్న ముక్క అక్కడే ఉండిపోతుంది. నేను ఎప్పుడూ నిండు స్ట్రిప్పే అడిగి తీసుకుంటాను.

ఇంకో మాట. అమ్మ కాళ్లు తగ్గడం చూసి పక్కింటి అత్తమ్మ "నాకూ వాపులే, రెండు ఇయ్యి" అని అడిగింది. అమ్మ ఇవ్వబోయింది. ఆపాను. ఆమెకు వాపు వచ్చింది బీపీ మాత్ర ఆమ్లోడిపిన్ వల్ల. డాక్టరు దాన్ని మార్చగానే పోయింది, ఏ నీళ్ల మాత్రా అక్కర్లేకుండానే. కాళ్ల వాపు గుండె వల్ల కావచ్చు, కిడ్నీ వల్ల, కాలేయం వల్ల కావచ్చు. బోదకాలు వాపుకు ఈ మాత్ర వైద్యం కాదు. ఒక్క కాలే ఉన్నట్టుండి వాచి నొప్పి పెడితే రక్తం గడ్డకట్టిందేమో చూడాలి, ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి.

మొన్న చెకప్‌కు అమ్మ ఒంటరిగా బస్సులో వచ్చింది. మాత్ర కాగితంలో మడిచి కొంగున ముడేసుకుంది. 11 గంటలకు మా ఇంటికి చేరి, చెప్పులు విడిచి, ముందు మాత్ర వేసుకుంది, తర్వాతే మాట్లాడింది. డాక్టరు దగ్గరకు సాయంత్రం వెళ్లాం. క్యాలెండర్ కాగితం చింపి తెచ్చింది, ఆయన దాన్ని బల్ల మీద పరిచి చూశారు. వచ్చే నెల తిరుమల వెళ్లాలని అమ్మ మొక్కు. క్యూలో ఎన్ని గంటలు పడుతుందో తెలియదు. ఆ రోజు మాత్ర ఏ వేళకు వేసుకోవాలో ఈసారి అమ్మే నోరు తెరిచి అడిగింది.