సోవెటో టీచరమ్మ, పదిహేనేళ్ల మంత్రి పదవి

సోవెటోలో ఉపాధ్యాయురాలిగా పనిచేసి, 2009 నుంచి 2024 వరకు దక్షిణాఫ్రికా పాఠశాల విద్యాశాఖకు మంత్రిగా ఉన్న ఏంజీ మొట్షెక్గా గురించి ఈ వారమంతా చదువుతున్నాను. నేనూ బడిలో పాఠాలు చెప్పేదాన్నే కనుక, తరగతి గది తెలిసినవారి చేతికి అధికారం వస్తే ఏమవుతుందన్న ప్రశ్న నన్ను వదలలేదు.

ఉపాధ్యాయులను రాతపనిలో ముంచేసిన పాత పాఠ్యప్రణాళికను పక్కనపెట్టి, 2012 నుంచి ఏ తరగతిలో ఏం చెప్పాలో స్పష్టంగా నిర్దేశించే కొత్త ప్రణాళికను ఆమె హయాంలోనే అమలులోకి తెచ్చారు. అది పాఠం చెప్పినవారికే తట్టే సంస్కరణ అని నా నమ్మకం. అయితే అదే ఏడాది, ఆ కొత్త ప్రణాళికకు కావలసిన పుస్తకాలే లింపోపో రాష్ట్రంలోని పిల్లలకు నెలల తరబడి అందలేదు. పుస్తకాలు ఇవ్వకపోవడం విద్యాహక్కును ఉల్లంఘించడమేనని ప్రిటోరియాలోని హైకోర్టు మే నెలలో తీర్పు చెప్పింది. ఆ వైఫల్యం నాకు ఎంతో బాధ కలిగించింది, ఎందుకంటే పుస్తకం లేని పిల్లవాడి ముఖం ఎలా ఉంటుందో ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు.

2021 అంతర్జాతీయ పఠన పరీక్షలో దక్షిణాఫ్రికా నాలుగో తరగతి పిల్లల్లో 81 శాతం మంది చదివినదాన్ని అర్థం చేసుకోలేకపోయారు. వర్ణవివక్ష పాలన మిగిల్చిన అసమానతలు, కరోనా కాలంలో మూతపడ్డ బడులు ఇందుకు కొంత కారణమే గాని, పదిహేనేళ్లు తక్కువ సమయమేమీ కాదు.