గాయంతో గుండె ఆగితే

గాయపడిన మనిషి గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కడం ఒక్కటే సరిపోదు. రక్తం కారిపోయి గుండె ఖాళీ అయ్యాక ఎంత నొక్కినా బయటికి వెళ్లేది కొంచెమే. రక్తస్రావం, ఆక్సిజన్ అందకపోవడం, ఛాతీలో గాలి బిగుసుకోవడం, గుండె చుట్టూ రక్తం చేరడం: అంబులెన్స్ బృందం ముందు వీటినే సరిచేయాలి.

గుండె ఆగాక రక్తం చిమ్మదు, అందుకే పెద్ద గాయం కూడా మోసం చేస్తుంది. టూర్నికేను (చేతికో కాలికో బిగించి రక్తం ఆపే పట్టీ) గాయానికి 5–7 సెంటీమీటర్ల పైన, కీలు వదిలి బిగించి, సమయం రాయాలి. పెల్విక్ బైండర్‌ను (విరిగిన కటి ఎముకలను బిగించి పట్టే పట్టీ) చాలామంది నడుముకి కట్టేస్తారు. అది తొడ ఎముకల పైభాగంలో, పక్కలకు తగిలే గట్టి ఉబ్బుల మీదికి రావాలి.

బిగుసుకున్న గాలి తీయడానికి ఛాతీలో గుచ్చిన సూది తరచూ వంగిపోతుంది, లేదా లోపలిదాకా చేరదు. శిక్షణ ఉన్నవారు, శ్వాసనాళంలో ట్యూబు వేసి శ్వాస ఇస్తున్న రోగికి, రెండు వైపులా 4 లేదా 5వ పక్కటెముకల సందులో కోసి వేలు పెట్టి తెరవడమే నయం. ఊపిరితిత్తి ఉబ్బి వేలికి తగలాలి. తర్వాత పరిస్థితి దిగజారితే ఆ దారి మూసుకుందేమో మళ్లీ వేలితో చూడాలి.

గాయాలు స్వల్పమై, గుండెపోటు రావడం వల్లే బండి అదుపు తప్పిందనిపిస్తే మామూలు సీపీఆర్ (ఛాతీ నొక్కి, శ్వాస ఇవ్వడం), డీఫిబ్రిలేటరే (గుండెకు షాక్ ఇచ్చే యంత్రం). పక్కనున్న సామాన్యులైతే అంబులెన్స్‌కి ఫోన్ చేసి, రక్తం కారేచోట గట్టిగా అదిమి, సీపీఆర్ మొదలుపెట్టాలి.