తల తిరిగితే తీగ: నేను గళ్ల నుడికట్టు నేర్చుకున్న తీరు

పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివాను. ఇంట్లో రోజూ తెలుగు పేపర్ చదివే అలవాటు ఉంది. అందుకే గళ్ల నుడికట్టు, అదే క్రాస్‌వర్డ్, నాకు కష్టమవుతుందని అనుకోలేదు. తిరుపతిలో కాపురం, చిత్తూరులో ఉద్యోగం. సుమారు 70 కిలోమీటర్ల దారి. బస్సులో సీటు దొరికితే బోలెడు టైమ్. ఫోన్ చూసి చూసి విసుగొచ్చి, ఆదివారం పుస్తకంలోని పజిల్ పేజీ చించి బ్యాగులో పెట్టుకోవడం మొదలుపెట్టాను. చంద్రగిరి దాటేలోపు ఏవో తేలిక మాటలు పడేవి. అక్కడి నుంచి చిత్తూరు దాకా ఒక్క గడి కూడా కదిలేది కాదు.

నిజంగా బాధేసేది. ఇది నా భాష, చిన్నప్పటి నుంచి మాట్లాడుతున్న భాష. అయినా మాట కనుక్కోవడానికి ఇచ్చే ఆధారం చదివితే ఏం అడుగుతున్నారో అర్థమయ్యేది కాదు.

గడుల లెక్క మాత్రం త్వరగానే తెలిసింది. గుణింతం, ఒత్తు, సున్న అన్నీ కలిపి ఒక గడిలో ఒక అక్షరం. ‘లక్ష్మి’కి రెండు గడులు చాలు, ‘శ్రీకాళహస్తి’కి ఐదు, ‘వెంకటేశ్వరుడు’కి ఆరు. అయితే ‘వనం’ అంటే రెండు గడులు, అదే ‘వనము’ అంటే మూడు. కూర్చేవాళ్లు తమకు ఎన్ని గడులు కావాలో చూసుకుని ఏ రూపమైనా వాడేస్తారు. మనం మాట్లాడేటప్పుడు ‘వనము’ అనం కాబట్టి అది తట్టదు.

తర్వాతి చిక్కు పర్యాయపదాలు. ‘తామర (3)’ అని ఉంటుంది. జలజం, వారిజం, అంబుజం, నీరజం, పంకజం, కమలం, నళినం... అన్నీ మూడక్షరాలే! ఏది రాయాలి? దీనికి దారి చూపించింది మా వీధిలో ఉండే రిటైరైన తెలుగు అయ్యవారు. ఒక సాయంత్రం వాళ్లింటికి పేజీ పట్టుకుని వెళ్లాను. ఆయన కళ్లజోడు సర్దుకుని, “ఇవన్నీ బట్టీ పట్టొద్దమ్మా, నీళ్లని పట్టుకో,” అన్నారు. జలం, వారి, అంబువు, నీరం అన్నీ నీళ్లే. చివర ‘జం’ చేరిస్తే నీటిలో పుట్టినది, తామర. ‘దం’ చేరిస్తే నీటినిచ్చేది, మేఘం: జలదం, వారిదం, అంబుదం, నీరదం. ‘ధి’ చేరిస్తే సముద్రం: జలధి, వారిధి, అంబుధి, నీరధి. నాలుగు మాటల నుంచి 12 మాటలు వచ్చాయి. బళ్లో ఈ మాటలన్నీ చదివాను కానీ వాటిని ఇలా ఒకచోట చేర్చి చూపించినవాళ్లు లేరు. ఆ రోజు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

ఆయనే ఇంకొకటి చెప్పారు. అదే గడిలో కలిసే నిలువు మాట నుంచి ఒక్క అక్షరమైనా వచ్చేదాకా తామర గడులు ఖాళీగానే ఉంచాలి. ‘వా’ వస్తే వారిజం, ‘అం’ వస్తే అంబుజం. ఈ ఆట అసలు పుట్టింది ఇంగ్లీషులో. 1913 డిసెంబర్ 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో ఆర్థర్ విన్ మొదటిది కూర్చాడు. అక్కడ ఉన్నవి 26 అక్షరాలే కాబట్టి ఒక అక్షరం ఎన్నో మాటల్లో ఇమిడిపోతుంది. మనకు గుణింతాలు, ఒత్తులు కలిపితే వందల రూపాలు. అడ్డంలో ‘కి’ ఉంటే నిలువులోనూ ‘కి’నే కావాలి, ‘క’ పనికిరాదు. కూర్చేవాళ్లకు అది ఎంత శ్రమో గానీ, నింపేవాళ్లకు మాత్రం మేలే. ఒక్క అక్షరం చేతికొస్తే సగం మాట దొరికినట్టే.

నన్ను అన్నిటికంటే ఎక్కువ ఏడిపించినవి మెలిక ఆధారాలు. ‘తల తిరిగితే తీగ (2)’ అన్నది చదివి బస్సులో ఎంతసేపు కూర్చున్నానో! కళ్లు తిరగడం, మైకం, ఇలాంటివే మనసులోకి వచ్చాయి. అయ్యవారు ‘తల’ అని కాగితం మీద రాసి, వెనక నుంచి చదవమన్నారు. లత! తీగే కదా. ఆధారంలో రెండు ముక్కలుంటాయని అప్పుడు అర్థమైంది. ఒకటి అర్థం చెబుతుంది, రెండోది అక్షరాలతో ఏం చేయాలో చెబుతుంది. ‘తిరిగితే’ అంటే తిప్పి రాయాలి. ‘తల పోతే’ అంటే మొదటి అక్షరం తీసేయాలి. ‘విమానం తల పోతే పరువు’ అంటే మానం. ‘కలగాపులగం’ అంటే అక్షరాలు చెదిరాయని.

ఆ తర్వాత నేను సొంతంగా విప్పిన మొదటి మెలిక, ‘సగం గోదావరి శ్రీవిల్లిపుత్తూరు అమ్మాయి (2)’. తిరుపతి వాళ్లకు ఇది తెలియకపోతే ఎలా? ధనుర్మాసంలో కొండమీద సుప్రభాతం బదులు వినిపించేది ఆ తల్లి ఆండాళ్ తిరుప్పావైయే. ఆమె ఇంకో పేరే గోదావరిలో మొదటి సగం: గోదా!

ఒక్క విషయంలో మాత్రం నా మనసు ఇంకా ఒప్పుకోలేదు. ‘కోస్తే కన్నీళ్లు (4)’ అని చూడగానే ‘ఎర్రగడ్డ’ అని రాశాను. నాలుగు గడుల్లో సరిగ్గా సరిపోయింది. నిలువు మాటలు ఒక్కటీ కుదరలేదు. వాళ్లకు కావలసింది ‘ఉల్లిపాయ’. అదీ నాలుగే. మా సీమలో ఎర్రగడ్డ అనే అంటాం, తెల్లగడ్డ అంటే వెల్లుల్లి. బొబ్బర్లను అలసందలు అంటాం. ఏ పజిల్ చూసినా అవతలి జిల్లాల మాటలే జవాబులుగా వస్తుంటే, ఇక్కడి నుంచి కొత్తగా నేర్చుకునేవాళ్లు తమకు తెలుగు రాదేమో అనుకుంటారు. అది అన్యాయం. మా మాటలకూ నాలుగు గడులు దక్కాలి.

జవాబుల సంగతి కూడా చెప్పాలి. మరుసటి వారం నింపిన గళ్లు అచ్చేస్తారు, అంతే. ‘హరి’ అని జవాబు, ‘కప్ప’ అని ఆధారం. ఎందుకో రాయరు. విష్ణువు, సింహం, గుర్రం, కోతి, చిలుక, పాము, కప్ప, ఇన్నిటికీ హరి అనే పేరుందని తెలియాలంటే అమరకోశమైనా చూడాలి, నెట్‌లో ఆంధ్రభారతి నిఘంటువులైనా వెతకాలి. ఆ ఓపిక లేనివాళ్లు అక్కడే వదిలేస్తారు, నేనూ దాదాపు వదిలేశాను. జవాబుల కింద కష్టమైన నాలుగైదిటికి ఒక్కో వాక్యం వివరణ వేస్తే పట్టే చోటెంత?

అందుకే నేనే ఒక నోటుబుక్కు పెట్టాను. ఎడమ పేజీలో ఆధారం, కుడి పేజీలో జవాబు ఎలా వచ్చిందో. బస్సులో పక్క సీటులో కూర్చునే నర్సు అమ్మాయి అది చూసి, “అక్కా, నాకూ నేర్పించు” అంది. ఇప్పుడు పాకాల రోడ్డు మీద ఇద్దరం కలిసి నింపుతున్నాం. ఆమెకు మెలికలు నాకంటే ముందే తడతాయి, పర్యాయపదాలు మాత్రం నేను చెప్పాలి. ఇంకా ఒక్క వారమైనా పేజీ పూర్తిగా నిండలేదు. ఈ వారం కుడివైపు కింది మూల మిగిలింది. ‘తోక తెగిన’ అనేదేదో ఉంది, రేపు అయ్యవారిని అడగకుండా ఇంకో రోజు చూద్దామని అనుకున్నాం.