చియా సాగుకు డిస్కులూ ప్రోగ్రాములూ ఎంచుకున్న తీరు: నా అనుభవం

2021 మే నెలలో తెలంగాణలో లాక్‌డౌన్ పెట్టి ఉదయం 6 నుంచి 10 గంటల వరకే సడలింపు ఇచ్చిన రోజుల్లో, ఇంట్లో కూర్చుని చియా అనే క్రిప్టో నాణెం గురించీ, డిస్కు స్థలంతో దాన్ని సంపాదించే ‘సాగు’ గురించీ చదవడం మొదలుపెట్టాను. బిట్‌టొరెంట్ రూపకర్త బ్రామ్ కోహెన్ స్థాపించిన ఈ నెట్‌వర్క్ ఆ ఏడాది మార్చి 19న మొదలైంది, మే 3 నుంచి అందులో లావాదేవీలు సాగాయి. బిట్‌కాయిన్ కోసం ప్రత్యేక యంత్రాలు రాత్రింబగళ్లు లెక్కలు చేస్తూ కరెంటు తాగుతుంటే, ఇక్కడ ఆ లెక్కలను ఒక్కసారే చేసి డిస్కులో దాచుకుని, నెట్‌వర్క్ అడిగినప్పుడల్లా వాటిలో వెతికి చూపిస్తే సరిపోతుంది. అలా దాచిన ఫైలును ప్లాటు అంటారు. మనకు ప్లాటంటే ఇంటి స్థలమే గుర్తుకొస్తుంది గానీ, పని తీరు చూస్తే దీన్ని వరి మడి అనుకోవడమే సబబు, ఎందుకంటే నాట్లు వేయడం ఒక పని, ఆ తర్వాత కాపలా కాయడం ఇంకొక పని.

ఈ రెండు పనులకూ కావలసిన సామాను వేరువేరని నాకు అర్థమవడానికి నెల పట్టింది. కె32 అనే మామూలు ప్లాటు తయారైన తర్వాత సుమారు 109 జీబీ ఉంటుంది, కానీ తయారీ సమయంలో సుమారు 257 జీబీ తాత్కాలిక స్థలం కావాలి, పైగా ఒక్కో ప్లాటుకు సుమారు 1.4 టీబీ డేటా రాసి చెరపాలి. అంటే నాట్లకు వేగమూ ఓర్పూ ఉన్న ఎస్ఎస్‌డీ అనే చిప్పుల డిస్కు అవసరం, కాపలాకు మాత్రం నెమ్మదైన, పెద్దదైన హార్డ్ డిస్కు చాలు.

జూన్ 20న లాక్‌డౌన్ ఎత్తేసిన తర్వాత సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాను అమ్మే సీటీసీకి వెళ్లి, ధరలు బాగా పెరిగి ఉన్నా, నాలుగు 8 టీబీ హార్డ్ డిస్కులూ ఎన్‌వీఎంఈ అనే వేగవంతమైన రకం 1 టీబీ ఎస్ఎస్‌డీ ఒకటీ కొన్నాను. దుకాణాయన ఎస్ఎస్‌డీ వేగం గురించి ఎంతో చెప్పాడు గానీ, నేను చూడవలసింది పెట్టె మీద చిన్న అక్షరాల్లో ఉన్న 600 టీబీడబ్ల్యూ అనే అంకె అని, అంటే కంపెనీ హామీ ఇచ్చే మొత్తం రాతల పరిమితి అని, ఇంటికొచ్చాకే తెలిసింది. ఆరు కోర్ల పాత డెస్క్‌టాప్‌లో చియా వాళ్ల అసలు ప్రోగ్రాముతో ఒకేసారి మూడు ప్లాట్ల చొప్పున నడిపితే రోజుకు ఎనిమిది వచ్చాయి. 36 ప్లాట్లు పూర్తయిన రోజున స్మార్ట్‌సీటీఎల్ ఆదేశంతో ఎస్ఎస్‌డీ ఆరోగ్యం చూస్తే, అరుగుదల అప్పటికే 9 శాతం అని కనిపించింది. ఆ తొమ్మిది చూసి పని ఆపేశాను.

ఆపడం మంచిదే అయింది. జూలై 7న అధికారిక పూల్ విధానం, అంటే చాలామంది కలిసి సాగుచేసి రాబడి పంచుకునే పద్ధతి వచ్చింది, అంతకు ముందు చేసిన ప్లాట్లు పూల్‌లో చేరవు. అప్పుడు నెట్‌వర్క్ మొత్తం స్థలం 30 ఎక్సాబైట్ల (ఒక్కోటి పది లక్షల టీబీ) స్థాయిలో ఉంది, రోజుకు సుమారు 4,608 బ్లాకులు, అంటే గెలిచినవారికి కొత్త నాణేలు తెచ్చే లావాదేవీల మూటలు, వస్తాయి. నా నాలుగు డిస్కులూ నిండినా ఒక బ్లాకు గెలవడానికి సగటున ఎనిమిది నెలలు పడుతుందని లెక్క తేలింది. సగటు అంటే అది ఏడాదిన్నర కూడా కావచ్చు. పూల్‌లో చేరితే బ్లాకు గెలిచినవారికి ఎనిమిదో వంతు నేరుగా వచ్చి, మిగిలిన ఏడు వంతులు అందరికీ స్థలాన్ని బట్టి పంచబడతాయి. చిన్న రైతుకు ఇదే దారి అని తేల్చుకుని, ఆ 36 ప్లాట్లను చెరిపేసి మొదటి నుంచి మొదలుపెట్టాను. ఈసారి ప్లాట్లు తయారుచేసే మ్యాడ్‌మ్యాక్స్ అనే వేరే ప్రోగ్రాము వాడాను. అది ఒక్క ప్లాటుకే అన్ని కోర్లనూ కేటాయిస్తుంది కనుక, గంటకు కాస్త అటూ ఇటూగా ఒక ప్లాటు చొప్పున రెండు వారాల్లో పని ముగిసింది. చివరి రోజు ఎస్ఎస్‌డీ అరుగుదల 84 శాతం. ముందే ప్రోగ్రామునూ పూల్‌నూ తేల్చుకుని ఆ తర్వాత సామాను కొని ఉంటే ఆ 9 శాతం నాకు మిగిలేది.

హార్డ్ డిస్కులను ఫార్మాట్ చేయడంలో తమ్ముడు చెప్పిన ఒక మాట ఎంతో ఉపకరించింది. లినక్స్‌లో ఫైళ్లను అమర్చే ఈఎక్స్‌టీ4 పద్ధతిని మామూలుగా వాడితే, 5 శాతం స్థలం రూట్ (నిర్వాహక ఖాతా) కోసం పక్కన పెట్టేస్తుంది, ఫైళ్ల వివరాలు దాచే ఐనోడ్ పట్టికలు మరో ఒకటిన్నర శాతం తినేస్తాయి. “అన్నయ్యా, నువ్వు పెట్టేవి డెబ్బై పెద్ద ఫైళ్లు, అది లక్షల చిన్న ఫైళ్లకు చోటు చూసుకుంటోంది” అన్నాడు. ఆ కేటాయింపును సున్నా చేసి, ఫార్మాట్ చేసేటప్పుడు లార్జ్‌ఫైల్4 అనే ఎంపిక ఇస్తే, 68 ప్లాట్లు పట్టే డిస్కులో 73 పట్టాయి. నాలుగు డిస్కులకూ కలిపి 20 ప్లాట్లు, ఒక్క రూపాయి ఖర్చు లేకుండా.

కాపలా పనిలో వేగం అక్కరలేదు గానీ, ఆలస్యం మాత్రం పనికిరాదు. నెట్‌వర్క్ సుమారు 9 సెకన్లకొకసారి ప్రశ్న పంపుతుంది. అప్పట్లో ప్రతి ప్రశ్నకూ 512 ప్లాట్లలో సగటున ఒకటి మాత్రమే వడపోత దాటేది కనుక, 73 ప్లాట్లున్న డిస్కును నిమిషానికి ఒకసారి తట్టి లేపినట్టయ్యేది. సమాధానం 30 సెకన్లలోపు వెళ్లాల్సి ఉండేది, వెతకడానికి 5 సెకన్లు దాటితే లాగు అనే ప్రోగ్రాము చిట్టాలో హెచ్చరిక వచ్చేది. నా డిస్కుల్లో రెండు ఎస్ఎంఆర్ రకం, అంటే జాడలను ఒకదానిపై ఒకటి కాస్త ఎక్కేలా రాసేవి, అందుకే రాతలో నెమ్మదిస్తాయి. చదవడానికి వాటితో ఏ ఇబ్బందీ లేదు, అయితే వాటిలోకి కొత్త ప్లాటు కాపీ అవుతున్నప్పుడు మాత్రం 11 సెకన్లు, ఒకసారి 19 సెకన్లు అని లాగులో కనిపించింది. నింపడం అయిపోయాక ఆ హెచ్చరికలు పూర్తిగా ఆగిపోయాయి. కాబట్టి ఎస్ఎంఆర్ అని భయపడి ఎక్కువ ధర పెట్టనక్కర లేదన్నది నా అభిప్రాయం, నింపేటప్పుడు ఓపిక ఉంటే చాలు.

డెస్క్‌టాప్‌ను ఏడాది పొడవునా నడపడం ఇష్టంలేక, అరచేతిలో పట్టే చిన్న బోర్డు కంప్యూటర్‌కు డిస్కులను మార్చాను. బోర్డూ నాలుగు డిస్కులూ కలిపి 35 వాట్ల లోపే, నెలకు 25 యూనిట్లు. 2021 చివర్లో నెట్‌వర్క్‌ను చిన్న చిన్న లావాదేవీలు ముంచెత్తినప్పుడు, నా బోర్డు బ్లాకులను అందుకోలేక వెనకబడింది, ఒక రాత్రంతా సాగు ఆగిపోయింది. మైక్రో ఎస్‌డీ కార్డు మీద ఉన్న, బ్లాకులన్నీ నమోదయ్యే డేటాబేసును, నాట్లకు వాడి అరిగిన ఆ ఎస్ఎస్‌డీ మీదకు మార్చాక మళ్లీ వెనకబడలేదు. అరుగుదల 84 శాతం అయినా, డేటాబేసు రాతలు ప్లాటింగ్‌తో పోలిస్తే చాలా తక్కువ.

ఒక విషయంలో మొదటి నుంచీ గట్టిగా ఉన్నాను. చియాను అనుకరిస్తూ వచ్చిన నాణేలు అవే ప్లాట్లతో అదనంగా సంపాదించవచ్చని ఆశ పెట్టాయి, కానీ వాటి ప్రోగ్రాములకు నా నాణేలన్నీ అదుపులో ఉంచే 24 పదాల తాళం ఇవ్వవలసి వచ్చేది. ఆ పదాలు కాగితం మీద రాసి బీరువాలో ఉన్నాయి.

2023లో కుదించిన ప్లాట్లు వచ్చినప్పుడు మళ్లీ ఆలోచించాను. పరిమాణంలో ఐదో వంతు కంటే ఎక్కువే తగ్గుతుంది, కానీ ప్రతి వెతుకులాటకూ ప్రాసెసరో గ్రాఫిక్స్ కార్డో లెక్కలు చేయాలి, 292 ప్లాట్లనూ తిరిగి తయారుచేయాలి. మన దేశంలో 2022 ఏప్రిల్ నుంచి ఇలాంటి నాణేలు అమ్మితే వచ్చే రాబడిపై 30 శాతం పన్ను ఉంది, సాగు సామాను ఖర్చును అందులో మినహాయించుకోనివ్వరు. వందల టెరాబైట్లున్నవారికి ఆ కుదింపు లాభం కావచ్చు, నా నాలుగు డిస్కులకు కొత్త కార్డు కొనడం దండగ అనిపించి పాత ప్లాట్లనే ఉంచాను. 2024 మార్చిలో బ్లాకు ప్రతిఫలం రెండు నాణేల నుంచి ఒకటికి తగ్గింది, జూన్‌లో వడపోత 256కు మారి డిస్కులను తట్టడం అరనిమిషానికొకసారి అయింది. లాగులో మాత్రం వెతికే సమయం ఇప్పటికీ ఒక సెకను లోపే ఉంటోంది.