టేబుల్‌నే క్యూగా వాడేవాళ్లకి

పలాస జీడిపప్పు వ్యాపారులకి బిల్లు మెసేజ్‌లు పంపే సాఫ్ట్‌వేర్‌కి కాఫ్కా (మెసేజ్‌ల వరుసని నడిపే ప్రత్యేక వ్యవస్థ) ఎందుకండీ? ఉన్న పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఒక టేబుల్‌నే క్యూగా వాడుకుంటే చాలు. వర్కర్లు (టేబుల్‌లోంచి మెసేజ్‌లు తీసి పంపే ప్రోగ్రాములు) ఒకటికి నాలుగైనప్పుడే జాగ్రత్త కావాలి.

మెసేజ్ తీసుకునే క్వెరీలో 'ఫర్ అప్‌డేట్, లిమిట్ 1' (ఒక రోకి లాక్ వేసి తీసుకో) అని మాత్రమే రాస్తే నాలుగు వర్కర్లూ ఒకే రో దగ్గర ఆగిపోతాయి. మొదటిది స్టేటస్ మార్చి కమిట్ (మార్పు ఖరారు) చేయగానే, రెండోది ఆ రోని మళ్లీ చూసి, షరతుకి సరిపోదని వదిలేసి, అప్పుడు తర్వాతి రోకి వెళ్తుంది. టేబుల్ నిండా మెసేజ్‌లున్నా నాలుగూ ఒకదాని వెనక ఒకటి ఎదురుచూస్తూ ఉంటాయి! 'స్కిప్ లాక్డ్' చేర్చండి, లాక్ పడినదాన్ని దాటి తర్వాతి రో పట్టుకుంటుంది. పోస్ట్‌గ్రెస్ 9.5 నుంచి, మైఎస్‌క్యూఎల్ 8.0 నుంచి ఉంది.

మెసేజ్ గేట్‌వే (మెసేజ్‌ని బయటికి పంపే సర్వీసు) జవాబిచ్చేదాకా ట్రాన్సాక్షన్ తెరిచి ఉంచకండి. రో తీసుకుని, 'ఫలానా టైం వరకు నాది' అని రాసి, వెంటనే కమిట్ చేయండి. వర్కర్ మధ్యలో పడిపోతే గడువు దాటాక ఇంకొకటి తీసుకుంటుంది. అప్పుడు ఒకే బిల్లు రెండుసార్లు వెళ్లే అవకాశం ఉంది కాబట్టి రెండోసారి వచ్చినదాన్ని గుర్తుపట్టడానికి ప్రతి మెసేజ్‌కీ ఒక ప్రత్యేక నంబరు తప్పనిసరి.

అందరూ మర్చిపోయేది వాక్యూమ్, అంటే టేబుల్‌లో పేరుకున్న చెత్తని ఊడ్చే పని. ప్రతి అప్‌డేట్ ఒక చచ్చిన రోని (పాత కాపీని) వదులుతుంది. ఆటోవాక్యూమ్ స్కేల్ ఫ్యాక్టర్ (టేబుల్‌లో ఎన్నో వంతు చెత్త చేరితే వాక్యూమ్ దానంతటదే మొదలవ్వాలో చెప్పే సెట్టింగ్) మామూలుగా 0.2, ఈ టేబుల్‌కి 0.01 పెట్టండి. పెండింగ్ రోలకి మాత్రమే పార్షియల్ ఇండెక్స్ వేయండి. అదే డేటాబేస్‌లో ఎవరైనా గంటసేపు నడిచే రిపోర్టు పెడితే మాత్రం, అది ముగిసేదాకా వాక్యూమ్ ఆ చెత్తని తీయలేదు. రిపోర్టులు రెప్లికాకి (డేటాబేస్ నకలుకి) మార్చండి, అక్కడ హాట్ స్టాండ్‌బై ఫీడ్‌బ్యాక్ (నకలులో నడిచే క్వెరీల కోసం అసలు డేటాబేస్‌లో చెత్త తీయకుండా ఆపే సెట్టింగ్) ఆఫ్‌లో ఉంచండి.